క కింద లావత్తు

పందొమ్మిదో పేజీలో, ఎడమవైపు వరసలో పదకొండో మాట అది. "కలాసు: తప్పు. క్లాసు: ఒప్పు." నా చేతిరాతే. తెలుగు టైపు మిషను మస్కట్‌లో ఎక్కడా దొరకలేదు కాబట్టి మైనపు కాగితం మీద ఉక్కు కలంతో నేనే రాసి, మా హాస్పిటల్ ఆఫీసులో ఉన్న సైక్లోస్టైల్ యంత్రం మీద అరవై ప్రతులు తీశాను. ముప్పై రెండు పేజీల పుస్తకం. ఇప్పుడు నా దగ్గర రెండు ప్రతులు మిగిలాయి. రెండింటిలోనూ ఆ పేజీ తెరిస్తే క కింద లావత్తు మిగతా అక్షరాల కన్నా నల్లగా కనిపిస్తుంది. వత్తు రాసేటప్పుడు నొక్కి రాయడం నా అలవాటు. మరీ నొక్కితే మైనపు కాగితం చిరిగి, అక్కడ సిరా ఎక్కువగా దిగుతుంది.

నాకు ఎనభై ఐదు నిండాయి. తేదీలు, లెక్కలు రాసిపెట్టుకోవడం నర్సు ఉద్యోగంలో అబ్బింది. చార్టులో రాయని పని చెయ్యని పనితో సమానమని మాకు మొదటి ఏడాదే నేర్పారు. ఆ లెక్కన ఇప్పుడు రాయబోయేది నలభై ఏడేళ్లుగా జరగనట్టే ఉంది. నేను ఎవరికీ చెప్పలేదు. తెలిసినవాళ్లు ఇంకెవరూ లేరు.

నేను మస్కట్‌కు 1975 ఫిబ్రవరిలో వచ్చాను, నా ముప్పై ఆరో ఏట. పెళ్లి చేసుకోలేదు. మగవాళ్ల సర్జికల్ వార్డులో వేశారు. కోస్తా జిల్లాల నుంచి వచ్చిన నర్సులం అప్పటికి ఐదుగురం. అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి మా ఆదివారపు ఆరాధన కూడా శుక్రవారమే జరిగేది. హమ్రియాలో ఒక బట్టల దుకాణం పైన గది తీసుకున్నాం. ఎనిమిదింటి నుంచి పదింటి దాకా ప్రార్థన. ఆ తర్వాత గది ఊరికే ఉండేది.

1976 ఆగస్టులో మా వార్డుకు ఒక మేస్త్రీ వచ్చాడు. కరీంనగర్ వైపు మనిషి, ముప్పై నాలుగేళ్లు. పరంజా మీది నుంచి జారి ఎడమచెయ్యి విరిగింది. పద్దెనిమిది రోజులున్నాడు. తెలుగు మాట వినపడితే చాలు, పక్క వార్డులవాళ్లు కూడా నా దగ్గరికి వచ్చి ఇంటికి ఉత్తరాలు రాయించుకునేవాళ్లు. ఇతను ఒక్కసారీ అడగలేదు. కుడిచెయ్యి బాగానే ఉంది కదా, రాయడం వచ్చేమో అనుకున్నాను. ఒకరోజు కట్టు మార్చేటప్పుడు నేనే అడిగాను, ఇంటికి ఏమైనా రాయాలా అని.

"రాసిపెట్టేటోడు రూమ్‌ల ఉన్నడు సిస్టరమ్మా. కని వాడు రాస్తే రూమంత చదివినట్టే. రాసుడు నేర్పుతరా?"

ఆ గదిలో ఎనిమిది మంది. ఉత్తరాలు రాసేవాడు ఒక్కడు. వచ్చిన జవాబులు చదివి వినిపించేదీ వాడే. మంచివాడే కానీ నవ్వులాటగాడు. ఎవరి భార్య ఏమి రాసిందో వారం రోజులు అందరి నోళ్లలో నలిగేది. ఇతను చిన్నప్పుడు రెండేళ్లు బడికి పోయాడు, కూడబలుక్కుని చదవగలడు, రాయడం మరిచిపోయాడు. అతని భార్య ఐదో తరగతి దాకా చదివింది. ఆమెకు తన చేత్తో రాసిన ఉత్తరం, మధ్యలో ఇంకో మనిషి లేని ఉత్తరం ఒక్కటి పంపాలని అతని కోరిక. ఇంతకన్నా అతను నన్ను ఏమీ అడగలేదు.

అలా 1976 అక్టోబరు ఒకటో తేదీ శుక్రవారం బడి మొదలైంది. పదకొండు మంది వచ్చారు. ఒక్కరు తప్ప అందరూ కరీంనగర్, నిజామాబాద్ వైపు వాళ్లే. కంపెనీ పికప్పు పదిన్నరకు దింపి, పన్నెండున్నరకు వచ్చి హారన్ కొట్టేది.

మా నాన్న మిషన్ బడిలో తెలుగు అయ్యవారు. బయటి నుంచి వచ్చిన మాటల విషయంలో ఆయనకు పట్టింపు ఎక్కువ. తెలుగు మాట అచ్చుతో ముగియాలి కాబట్టి బస్ అని రాయకూడదు, బస్సు అనాలి. కార్ కాదు, కారు. నోటితో ఎలా అన్నా కాగితం మీద ఆ మాట పుట్టినచోట ఉన్న పొందిక చెడకూడదు. ఇవి ఆయన సూత్రాలు. నేను బడి పెట్టగానే ఇవే పట్టుకున్నాను. వాళ్ల మాటల్లో సగం బయటి మాటలే కాబట్టి పుస్తకంలో ఆరు పేజీలు వాటికే ఇచ్చాను. రెండు వందల పన్నెండు మాటలు, ఎడమ తప్పు, కుడి ఒప్పు. ఇస్కూలు, స్కూలు. గలాసు, గ్లాసు. డూటి, డ్యూటీ. కంపిని, కంపెనీ. టికిట్టు, టికెట్టు. నాకు ఆ పట్టిక అంటే ఎంతో గర్వం. నిజ్వాలో పనిచేసే ఇద్దరు తెలుగు టీచర్లు విని అడిగితే పద్నాలుగు ప్రతులు బస్సులో పంపించాను.

బడిలో ఆ ఆరు పేజీల దగ్గరే ఎక్కువ నవ్వులు. రాడ్లు వంచే పని చేసే ఒక పెద్దాయన ఉండేవాడు, యాభై దాటినవాడు. రూమ్ అని రాసినప్పుడల్లా నేను చివర కొమ్ము పెట్టి రూము అని దిద్దేదాన్ని. మూడోసారి దిద్దినప్పుడు ఆయన పలక కింద పెట్టాడు.

"ఎనిమిది మందిమున్నం సిస్టరమ్మా ఆ రూమ్‌ల. ఇగ కొమ్ముకు యాడ జాగ?"

నేనూ నవ్వాను. నవ్వి, కొమ్ము పెట్టించాను.

అరబ్బీ మాటలు మాత్రం పట్టికలో ఒక్కటీ వెయ్యలేదు. యజమానిని అర్బాబ్ అనేవాళ్లు, గుర్తింపు కార్డును బతాకా అనేవాళ్లు. పని అయిపోయినా, సరుకు అయిపోయినా, మాట అయిపోయినా ఖలాస్. ఆ చివరిది నేనూ వార్డులో రోజుకు ఇరవైసార్లు అనేదాన్ని. సెలైన్ సీసా ఖాళీ కాగానే రోగి వేలు చూపించి ఖలాస్ అనేవాడు, నేనూ ఖలాస్ అని సూది తీసేదాన్ని. కానీ ఏ తెలుగు వాచకంలోనూ అవి కనిపించవు కాబట్టి నాకు అవి రాసే మాటలుగా తోచలేదు. ఆ పెద్దాయన పట్టిక అంతా వేలు పెట్టి వెతికి, అర్బాబ్ లేడని కనిపెట్టాడు. "అర్బాబ్‌ను బయట నిలవెట్టినవు, మంచిదే. కని పొద్దున సైట్‌కు పోతె ఆయనే ఉంటడు" అన్నాడు.

మేస్త్రీ ఇలాంటి నవ్వుల్లో కలిసేవాడు కాదు. పట్టిక మొత్తం రెండుసార్లు చూచిరాత రాశాడు. రెండు వందల పన్నెండు రెండింతలు, నాలుగు వందల ఇరవై నాలుగు మాటలు, తప్పులు పదిహేడు. రెండోసారి మూడే. గలాసు అని పలుకుతూనే గ్లాసు అని రాయడం అతనికి ముందు వింతగా ఉండేది. నోరు ఒకటి చెబితే చెయ్యి ఇంకొకటి ఎందుకు రాయాలని అడిగాడు. పలికేది వేరు, రాసేది వేరు, రాతకు దాని మర్యాద దానికి ఉంటుందని చెప్పాను. ఆ మాట అతను బాగా నమ్మాడు. నేను చెప్పినవాటిలో అతను అంతగా నమ్మింది ఇంకొకటి లేదు.

1977 మార్చి నాలుగో తేదీ. మొదటి రోజు నుంచి లెక్కపెడితే ఇరవై మూడో శుక్రవారం. క్రిస్మస్ ముందురోజు ఒకటి, నాకు డ్యూటీ పడి ఒకటి పోయాయి కాబట్టి ఇరవై ఒకటో తరగతి. పన్నెండూ ఇరవై అయింది. నాకు రెండింటికి వార్డు. పదకొండు పలకలూ, నోటు పుస్తకాలూ దిద్దడం ఇంకా అవలేదు. అతను అందరూ లేచేదాకా ఆగి, అరఠావు కాగితం తీసి నా ముందు పెట్టాడు. పెన్సిలుతో రాసిన చిత్తు.

"మా ఇంటామె ఐదు సదివింది సిస్టరమ్మా. తప్పు రాస్తె నవ్వుతది. జర దిద్దియ్యుండ్రి."

ఆ చిత్తు నా దగ్గరే ఉంది. అతను దాన్ని చూసి నీలం ఏరోగ్రామ్ ఉత్తరం మీద సాపుగా రాసుకున్న తర్వాత నేనే అడిగి తీసుకున్నాను, నా బడిలో ఒకరు ఇంతవాడయ్యాడని గుర్తుగా. అందులో ఉన్నది ఇది:

"నీ ఉత్తరం అందింది. నేను మంచిగున్న. నువ్వు అడిగిన ముచ్చటకు జవాబు ఇది. ఈడ డూటి కలాస్. ఇగ నీకు సమజైతది. బిడ్డ పైలం. నువ్వు పైలం."

ఇరవై మాటలు. నేను ఎర్ర పెన్సిలు తీసుకున్నాను. మంచిగున్న కొట్టేసి క్షేమంగా ఉన్నాను అని రాశాను. ముచ్చటకు బదులు సంగతికి. ఈడ కాదు, ఇక్కడ. డూటి కాదు, డ్యూటీ. కలాస్ దగ్గర ఆగలేదు. పట్టికలో ఉన్న మాటే కదా. లా కొట్టేసి, క కింద లావత్తు పెట్టి, దీర్ఘం ఇచ్చి, చివర కొమ్ము తగిలించాను: క్లాసు. ఇగ కాదు, ఇక. సమజైతది కాదు, అర్థమవుతుంది. పైలం రెండుచోట్లా తీసేసి జాగ్రత్త అని రాశాను. ఇరవైలో తొమ్మిది. అతనివి పదకొండు మిగిలాయి.

డ్యూటీ క్లాసు అంటే ఏమిటని నాకు నేను వేసుకోలేదా ఆ ప్రశ్న? వేసుకున్నాను, ఒక్క క్షణం. పని ఫస్టు క్లాసుగా ఉందని భార్యకు గొప్ప చెప్పుకుంటున్నాడు అనుకున్నాను. మగవాళ్ల ఉత్తరాలు చాలా రాసిపెట్టాను, అందరూ అలాగే రాయించేవాళ్లు, పని బాగుంది, తిండి బాగుంది, బెంగ పెట్టుకోవద్దు అని. ఆమె ఏమి అడిగిందని నేను అతన్ని అడగలేదు. జవాబు అని అక్కడ రాసి ఉంది. నేను జవాబు దిద్దాను, ప్రశ్న తెలియకుండా.

అతను కాగితం తీసుకుని పెదవులు కదుపుతూ చదువుకున్నాడు. ఒక్కచోట వేలు ఆగింది.

"కలాస్‌కు గీ వత్తు ఎందుకమ్మా?"

"రాతలో అలాగే ఉంటుంది బాబూ. గ్లాసు రాయలేదూ? అలాగే ఇదీ."

"నోట్లెకెల్లి కలాసే వస్తది."

"నోటితో అలాగే అనుకో. రాసేటప్పుడు మాత్రం ఇలా రాయి."

కింద హారన్ వినిపించింది. అతను తల ఊపి, అక్కడే కిటికీ అరుగు మీద ఏరోగ్రామ్ పెట్టుకుని, ఒక్కో అక్షరం చూసి చూసి రాశాడు. పికప్పు మళ్లీ హారన్ కొట్టింది. అంటించేముందు నాకు చూపించాడు. ఒక్క తప్పు లేదు. నేను భేష్ అన్నాను. భేష్ కూడా బయటి మాటే.

ఆ తర్వాత ఆరు శుక్రవారాలు అతను ఎప్పటిలాగే వచ్చాడు. ఏప్రిల్ ఇరవై రెండున మాత్రం చేతిలో హల్వా డబ్బాతో వచ్చాడు, ఆ ఊరి నల్ల హల్వా, కుంకుమపువ్వు వాసన మెట్ల మీదే తెలిసింది. అందరికీ పంచాడు. ఎందుకని అడిగాను.

"డ్యూటీ కలాసైంది గద సిస్టరమ్మా. కంపెనీ తొమ్మిదిమందిని పంపుతున్నది. వచ్చె నెలల పోతమంటున్నరు, కాయితాలు ఎప్పుడైతె అప్పుడు."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"అయిపాయె రెండు నెలలు. మా ఇంటామెకు రాసిన గద. మీరే దిద్దిండ్రు."

నా చేతిలో హల్వా ముక్క ఉంది. వేళ్లకు నెయ్యి అంటుకుంది. ఆ మాట ఏడు వారాల కిందట కాగితం మీద చూశాను, ఇప్పుడు నోటి నుంచి విన్నాను. రెండూ ఒకటే మాట అని తెలియడానికి నాకు ఊపిరి తీసుకునేంత సేపు కూడా పట్టలేదు.

అతను ఆ రోజు సంతోషంగా ఉన్నాడు కాబట్టి మిగతాది తనే చెప్పాడు. భార్య అన్న భివండీలో మరమగ్గాల మీద పనిచేస్తున్నాడు. పిల్లలను తీసుకుని వచ్చెయ్యమని ఆమెను పిలుస్తున్నాడు. ఆమెకు ఇష్టం లేదు. కూతురు తొమ్మిదేళ్లది, నాలుగో తరగతి, చదువులో చురుకు. అక్కడికి పోతే బడి పోతుంది, మగ్గాలకు నూలు కండెలు చుట్టడానికి కూచోబెడతారు. అందుకని ఆమె అతనికి రాసింది: నీ పని అయిపోయి వచ్చేస్తానంటే ఇక్కడే ఉంటాను, ఇంకో రెండేళ్లు అక్కడే ఉండేట్టయితే బడి పరీక్షలు కాగానే అన్నతో పోతాను, ఏదో ఒకటి చెప్పు. ఆ ఉత్తరం అతను ఎవరి చేతా చదివించుకోలేదు. జవాబూ ఎవరి చేతా రాయించలేదు.

"జవాబు వచ్చిందా ఆమె దగ్గర నుంచి?" అని అడిగాను.

"రాలే. జవాబెందుకమ్మా? కలాస్ అన్నంక ఇగ యాడికి వోతది. ఉంటది."

చుట్టూ పదిమంది హల్వా తింటున్నారు. రాడ్లు వంచే పెద్దాయన, మా సిస్టరమ్మ బడిల మొదలు పాసైంది వీడే అని ఏదో అంటున్నాడు. మేస్త్రీ నా ముందు చేతులు జోడించి, నా ముచ్చట నా చేతులతోని రాసిన, మీ పున్నెం అన్నాడు. నేను చెప్పాల్సింది ఒక్క వాక్యం. నువ్వు రాసింది నేను చెడగొట్టాను, వెంటనే టెలిగ్రాం ఇయ్యి. ఆరేడు మాటలు.

"అవును, ఉంటుంది" అన్నాను నేను.

ఈ రెండు మాటలే నేను ఎవరికీ చెప్పనివి.

శుక్రవారం కాబట్టి తపాలా ఆఫీసు మూసి ఉంటుందని ఆ మధ్యాహ్నం నాకు నేను చెప్పుకున్నాను. శనివారం నాకు పొద్దుటి డ్యూటీ. ఆదివారం రువీ తపాలా ఆఫీసుకు వెళ్లాను. టెలిగ్రాం ఫారం తీసుకున్నాను. ఇంగ్లీషు అక్షరాల్లో రాయాలి. ఆ అక్షరాల్లో ఆ మాటకు ఏ వత్తూ అక్కర్లేదు, ఎవరూ దిద్దరు. పని ముగిసింది, వస్తున్నాను, అక్కడే ఉండు అని రాసి, చిరునామా గడి దగ్గర ఆగిపోయాను. ఊరి పేరు తెలుసు, ఇంటి పేరు తెలియదు. తెలుసుకోవాలంటే అతన్నే అడగాలి. అతని క్యాంపు అక్కడి నుంచి నడిస్తే ఇరవై నిమిషాలు. ఎందుకమ్మా అని అడుగుతాడు. అడిగితే చెప్పాలి.

ఫారం మడిచి సంచిలో వేసుకున్నాను. ఆమె తెలివిగలది, ఐదో తరగతి చదివింది, సందర్భాన్ని బట్టి గ్రహిస్తుంది అనుకున్నాను. ఇంతలో అతనే చేరుకుంటాడు అనుకున్నాను. సోమవారం, మంగళవారం కూడా అనుకున్నాను. బుధవారం నుంచి అనుకోవడం మానేశాను. తర్వాతి శుక్రవారం అతను రాలేదు. మే పదకొండున విమానం ఎక్కాడని పెద్దాయన చెప్పాడు.

అతని దగ్గర నుంచి ఉత్తరం ఆగస్టు ఇరవైన వచ్చింది, హాస్పిటల్ చిరునామాకు. రెండు వైపులా నింపాడు. బస్సు, రైలు, స్టేషను, టికెట్టు, స్కూలు, అన్నీ నా పట్టిక ప్రకారమే ఉన్నాయి. బయటి మాటలు పద్నాలుగు, అన్నింటికీ కొమ్ములూ వత్తులూ ఎక్కడివి అక్కడే. చూచిరాతలో కూడా అంత శుద్ధంగా రాయలేదు.

అతను బొంబాయిలో దిగి సికింద్రాబాదు రైలు ఎక్కాడు. రైలు కల్యాణ్ స్టేషనులో పది నిమిషాలు ఆగింది. దిగి టీ తాగాడు. అక్కడి నుంచి భివండీ ఆరేడు మైళ్లు. ఊరికి పోతే ఇంటికి తాళం. తాళంచెవి పక్కింటివాళ్లకు ఇచ్చి, ఏప్రిల్ ఇరవై ఎనిమిదో తేదీన భార్యా పిల్లలూ భివండీ వెళ్లారు. ఆమె ఉత్తరం చదివి, మగనికి అక్కడ పని ఫస్టు క్లాసుగా ఉంది, ఇప్పట్లో రాడు, నీకే అర్థమవుతుంది అంటే పొమ్మనే కదా అనుకుంది. ఐదో తరగతి చదివిన మనిషి కాబట్టి కాగితం మీద ఉన్నది ఉన్నట్టే చదివింది. వాళ్లది నేతపని ఇల్లు, ఇంట్లో ఉన్న ఒక్క చేమగ్గం అమ్మేసింది. అతను వచ్చినదారినే మళ్లీ వెనక్కి వెళ్లి వాళ్లను కలుసుకున్నాడు. ఇప్పుడు అతనూ అక్కడే మరమగ్గం మీద ఉన్నాడు. ఊళ్లో మగ్గం లేదు, తిరిగిపోయి చేసేది లేదు. కూతురు కండెలు చుడుతోంది. జూన్‌లో ఐదో తరగతిలో చేరాల్సింది.

ఏప్రిల్ ఇరవై రెండు నుంచి ఇరవై ఎనిమిది, ఆరు రోజులు. అప్పట్లో టెలిగ్రాం ఆ పల్లెలకు మూడు రోజుల్లో చేరేది. ఈ తీసివేత నేను చాలాసార్లు చేశాను.

ఉత్తరంలో నన్ను ఒక్క మాట అనలేదు. తప్పు తనదే అయి ఉంటుందని, సాపు రాసేటప్పుడు ఏదో పొరపాటు చేసి ఉంటానని రాశాడు. చివర ఒక సంగతి అడిగాడు. "డ్యూటీ" అని రాసి, తర్వాత ఒక మాట పట్టేంత జాగా ఖాళీగా వదిలి, కింద గీత గీశాడు. "ఈ మాట ఎట్ల రాయాల్నో చెప్పుండ్రి. నాకు రాయస్తలేదు."

నాలుగు రోజులకు జవాబు రాశాను. కార్బన్ పెట్టి రాశాను కాబట్టి ప్రతి ఉంది. అది ఖలాస్ అనే అరబ్బీ మాట, మొదటి అక్షరం క కాదు ఖ అని రాశాను. ముఖ్యమైన సంగతులు ఒక్క మాటతో సరిపెట్టకుండా, పని ముగిసింది, ఫలానా నెలలో వస్తున్నాను అని విడమరచి రాయాలని రాశాను. పాపను ఎలాగైనా బడిలో చేర్చమని రాశాను. మొత్తం ముప్పై ఎనిమిది మాటలు. చిత్తు దిద్దింది నేనని అందులో లేదు. ఏప్రిల్ ఇరవై రెండున నాకు తెలుసునని లేదు. తప్పు అతనిదేనని అతను అనుకున్నాడు, నేను కాదనలేదు. పైగా విడమరచి రాయాల్సింది అని ఇంకో తప్పు చేర్చాను.

దానికి జవాబు రాలేదు. నేను మళ్లీ రాయలేదు.

1978లో పుస్తకం రెండో విడత వేశాను. పందొమ్మిదో పేజీ మార్చలేదు. క్లాసు ఒప్పే కదా, ఏమని మారుస్తాను? పట్టిక చివర మాత్రం రెండు వందల పదమూడో మాటగా ఖలాస్ వేశాను. తప్పు, ఒప్పు అని రెండు గళ్లు పెట్టకుండా ఒక్కటే. రాడ్లు వంచే పెద్దాయన దాన్ని చూసి, "వచ్చిందా మన మాట? ఎవరి పున్నెమమ్మా ఇది?" అన్నాడు. ఆయనకు మేస్త్రీ సంగతి తెలియదు. పలకలు తియ్యమన్నాను.

ఆ ఆగస్టు ఉత్తరంలో ఇంకొకటి ఉంది. ఇంతదాకా రాయకుండా నెట్టుకొచ్చాను.

ఉత్తరం నాకు వార్డులో అందింది. టీ వేళ, చార్టులు ముందు పెట్టుకుని ఉన్నాను, చేతిలో ఎర్ర పెన్సిలు ఉంది. జ్వరం గీతలు గియ్యడానికి అదే వాడేవాళ్లం. నిలబడే చదివాను, గబగబా. తండ్రి సంతకం కింద, కాగితం చివర మిగిలిన జాగాలో పెద్ద పెద్ద అక్షరాలతో ఇంకో చేతిరాత. కూతురిది.

"నమస్తే టీచర్. నేను నాలుగో కలాసు పాసైన."

నేను ఆ ఉత్తరం రెండోసారి మొదటి నుంచి చదవడానికి ముందే, తాళం వేసిన ఇల్లూ కల్యాణ్ స్టేషనూ నా బుర్రలోకి సరిగ్గా ఎక్కకముందే, నా చెయ్యి ఆ పిల్ల రాసిన లా కొట్టేసి, క కింద లావత్తు పెట్టింది. ఈసారి దిద్దింది ఒప్పే. ఆ పిల్ల చెప్పింది క్లాసు గురించే.

తర్వాత రబ్బరుతో చెరిపాను. రంగు పోయింది. కాగితం వెనక్కి తిప్పి వేలితో తడిమితే వత్తు ఇప్పటికీ తగులుతుంది. నొక్కి రాస్తాను కదా.